ఎవరూ తమది అనుకోని యుద్ధం

మా నాన్న కొత్తగా తారు పోసిన అతుకు మీద నుంచి బండి పోనివ్వడు. గిద్దలూరు నుంచి మా ఊరికి వెళ్లే రోడ్డు వానలకు గుంటలు పడుతుంది, ఎండాకాలంలో వాటిని పూడుస్తారు. నల్లగా, చుట్టూ ఉన్న పాత రోడ్డు కంటే కాస్త ఉబ్బెత్తుగా ఉండే ఆ అతుకు కనబడగానే స్కూటరు వేగం తగ్గించి పక్కకు తీస్తాడు. పక్కన జాగా లేక, ఎదురుగా లారీ వస్తుంటే ఆగిపోతాడు. లారీ వెళ్లాక అతుకును తప్పించుకుని పోతాడు. టైరుకు తారు అంటుకుంటుందని అలా చేస్తాడేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు. అడిగితే "ఊరికే" అనేవాడు.

ఆ "ఊరికే" వెనక ఏముందో నాకు ముప్పై మూడేళ్లు వచ్చాక తెలిసింది. అదీ ఆయన నాకు చెప్పలేదు. తనతో పనిచేసిన ఇంకో డ్రైవరుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని విన్నాను.

నాన్న ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. శ్రీలంక వెళ్లిన ఐపీకేఎఫ్‌లో ఉన్నాడు. ఈ మాట చెబితే నాకంటే చిన్నవాళ్లు చాలామంది అదేమిటని అడుగుతున్నారు కాబట్టి కాస్త చెప్పాలి. 1987 జూలై 29న కొలంబోలో మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడే మన సైన్యం శ్రీలంక ఉత్తరాన తమిళులుండే జాఫ్నాలో దిగడం మొదలుపెట్టింది. ముందుగా వెళ్లిన 54వ డివిజన్ మన సికింద్రాబాద్‌లో ఉండేదే. తమిళ మిలిటెంట్ల చేత ఆయుధాలు కింద పెట్టించడం, శ్రీలంక సైన్యానికీ వాళ్లకూ మధ్య నిలబడటం, అదీ వీళ్లకు చెప్పిన పని. పేరు కూడా శాంతి పరిరక్షక దళం. మూడు నెలలు తిరక్కుండానే ఆ మిలిటెంట్లలో పెద్ద సంస్థ ఎల్టీటీఈతో యుద్ధం మొదలైంది. అక్టోబరులో జాఫ్నా కోసం జరిగిన పోరాటానికి ఆపరేషన్ పవన్ అని పేరు పెట్టారు. 1990 మార్చి 24న చివరి జట్టు ట్రింకోమలీలో ఓడ ఎక్కేసరికి మనవాళ్లు దాదాపు 1,200 మంది చనిపోయారు.

వాళ్లు తిరిగొచ్చినప్పుడు మద్రాసులో జరిగిన స్వాగతానికి ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకి ఎక్కుపెట్టి వచ్చిన సైన్యానికి దండ వేయలేననుకున్నాడు. నేను తమిళ ఇంట్లో పుట్టి ఉంటే నాకూ అలాగే అనిపించేదేమో. మరుసటి ఏడాది మే 21న శ్రీపెరుంబుదూరులో ఎల్టీటీఈ బాంబు దాడిలో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. అప్పటి నుంచి శ్రీలంక అంటే ఈ దేశానికి ఆ ఒక్క బాంబే గుర్తొస్తుంది. అంతకుముందు ముప్పై రెండు నెలలు అక్కడున్న మనుషులు గుర్తుకు రారు.

1971లో పోరాడినవాళ్లకు చెప్పుకోవడానికి ఒక గెలుపు ఉంది. విశాఖ బీచ్‌లో 'విక్టరీ ఎట్ సీ' స్తూపం దగ్గర ఏటా డిసెంబరు 4న నేవీవాళ్లు పూలు పెడతారు. కార్గిల్‌వాళ్లకు జూలై 26 ఉంది. మా నాన్నవాళ్లకు జనం గుర్తుపెట్టుకునే తేదీ లేదు. శ్రీలంక ప్రభుత్వం కొలంబో పక్కన కోట్టేలో వీళ్లలో చనిపోయినవాళ్ల పేర్లతో స్మారకం కట్టింది. దేశం మొత్తానికీ కలిపి ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచింది 2019 ఫిబ్రవరిలో. మధ్యలో ఎన్నేళ్లు పోయాయో లెక్క వేసుకుంటే బాధేస్తుంది. ఎవరితో యుద్ధం చేసి వచ్చారో చెప్పగానే మా బంధువుల్లోనే "అదీ ఒక యుద్ధమేనా, పాకిస్తాన్‌తో కాదుగా" అన్నవాళ్లున్నారు. నాన్న వాదించడు. లేచి గేదెల దగ్గరికి పోతాడు.

నేను అనేది ఇది: ఆ సైన్యాన్ని పంపడం తప్పా ఒప్పా అన్నది పంపినవాళ్లను అడగాల్సిన ప్రశ్న. గట్టిగానే అడగాలి. దానికి జవాబు తేలలేదని, లేదా తప్పే అని తేలిపోయిందని, వెళ్లొచ్చిన డ్రైవర్లనూ వంటవాళ్లనూ సిపాయిలనూ జీవితాంతం నోరు మూసుకుని కూర్చోమనడం అన్యాయం. గెలిచిన యుద్ధం జ్ఞాపకాలను ఊరంతా మోస్తుంది. ఇలాంటి యుద్ధం జ్ఞాపకాలను ఎవరికి వాళ్లు ఒంటరిగా మోసుకోవాలి. మా ఇంట్లో అది ఎలా ఉంటుందో చూస్తూ పెరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వాళ్లు అసలు మాట్లాడరని చాలామంది అంటారు. మాట్లాడతారు. ఎక్కడ మాట్లాడతారో మనం చూడం. మాజీ సైనికులకు వైద్యం చేసే ఈసీహెచ్ఎస్ క్లినిక్‌లో బీపీ మాత్రల కోసం కూర్చున్నప్పుడు, మిలిట్రీ క్యాంటీన్ ముందు లైన్లో, నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పోయినప్పుడు మాట్లాడతారు. ముందు "ఏ యూనిట్?" అంటారు. తర్వాత "ఏ సాలు?" అంటారు. సంవత్సరాన్ని సాలు అనడం మా నాన్నకు పట్టాళం నుంచి వచ్చిన అలవాటే. రెండు జవాబులూ కలిశాయంటే ఇక టోకెన్ నంబరు పిలిచినా వినబడదు. ఒకసారి నాన్న వంతు అలాగే దాటిపోయింది. కౌంటర్లో ఉన్న అబ్బాయి "పెద్దాయనా, కబుర్లు ఇంటి దగ్గర చెప్పుకోవచ్చుగా" అని కసిరాడు. ఇంటి దగ్గర చెప్పుకోలేకే ఇక్కడ చెప్పుకుంటున్నారని ఆ అబ్బాయికి ఎలా తెలుస్తుంది? నాకే అప్పటికి తెలియదు.

2014లో నాన్న మోకాలు బాగోలేక, తోడు రమ్మంటే సికింద్రాబాద్ వెళ్లాను. వాళ్ల కంపెనీలో పనిచేసినవాళ్లు ఏటా ఒకసారి తిరుమలగిరిలో కలుస్తారు. చిన్న ఫంక్షన్ హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యాహ్నం భోజనం. ఇరవై మంది దాకా వచ్చారు, కొందరు భార్యలతో. శ్రీకాకుళం నుంచి ఇద్దరు, కర్నూలు నుంచి ఒకరు, మిగతావాళ్లు తమిళులు, మలయాళీలు, ఒక సర్దార్జీ. హాల్లోకి అడుగు పెట్టగానే నాన్న గొంతు మారింది. మా ఇంట్లో ఎప్పుడూ వినని హిందీ, మధ్యలో తెలుగు, మధ్యలో తమిళం. నవ్వు కూడా వేరేగా ఉంది, బిగ్గరగా, పొట్ట నుంచి. వీళ్లకు తెలిసిన ఈ మనిషి నాకెందుకు తెలియదు అనిపించింది. నిజం చెప్పాలంటే కాస్త కోపం కూడా వచ్చింది.

భోజనాల తర్వాత ఒక తూము గురించి గొడవ పడ్డారు. కిలినొచ్చి వైపు వెళ్లే దారిలో ఒక తూము ఉండేదట. అది చెరువుకు ముందా, తర్వాతా? నాన్న ముందు అంటాడు. కర్నూలు ఆయన తర్వాత అంటాడు. బల్ల మీద మంచినీళ్లు ఒలికించి వేలితో రోడ్డు గీశారు. ఉప్పు డబ్బా చెరువు, ఇక్కడ తాటితోపు, ఇక్కడ మా చెక్‌పోస్టు. ఇదంతా ఎందుకని అడగబోయి ఆగాను. అడగకపోవడమే మంచిదైంది.

ఎందుకంటే తూము దగ్గర నుంచి మాట అసలు చోటికి వచ్చింది. 1988లో ఒకరోజు కాన్వాయ్‌లో నాన్న లారీ మూడోది. శక్తిమాన్ లారీ, కాళ్ల కింద ఇసుక బస్తాలు పరుచుకునేవాళ్లు, మందుపాతర పేలితే కొంచెమైనా ఆపుతాయని. రోడ్డు తవ్వి, మందు పెట్టి, మళ్లీ తారు పోసేవాళ్లట. అందుకే కొత్త అతుకు అంటే అందరికీ గుండె దడ. పొద్దునే రోడ్డు పార్టీ వాళ్లు నడుచుకుంటూ పోయి చూసేవాళ్లు, అయినా అన్నీ దొరికేవి కావు. ఆ రోజు నాన్న బండి రేడియేటర్ వేడెక్కి పక్కకు ఆపాడు. వెనక వస్తున్న నాలుగో లారీ ఆయన్ను దాటి ముందుకు పోయింది. రెండు వందల గజాలు పోయాక పేలింది. అందులో ఉన్న డ్రైవరు నాన్న కంటే మూడేళ్లు చిన్నవాడు, ఇద్దరూ బెంగళూరులో ఒకే చోట ట్రైనింగ్ అయ్యారు.

"నేను ఆపకపోయుంటే" అన్నాడు నాన్న. ఇంకేం అనలేదు.

కర్నూలు ఆయన కాసేపు అలాగే చూశాడు. "నువ్వు ఆపడమేంది? మనల్ని అందరినీ ఆపింది నేను గదా! ముందు నుంచి సాబ్ వైర్‌లెస్‌లో ఆపమన్నాడు, ఎర్రజెండా నా చేతిలోనే ఉంది. మళ్లా పొమ్మన్నప్పుడు నీ బండి స్టార్ట్ కాలే. వాణ్ని ముందుకు పొమ్మన్నది సాబ్. నువ్వు బానెట్ ఎత్తింది ఆ తర్వాత."

నాన్న మళ్లీ అడిగాడు. "జెండా నీ చేతిలో ఉందా?" "నా చేతిలోనే." కాసేపాగి మూడోసారీ అడిగాడు. అదే జవాబు వచ్చింది. చేతికి అంటిన ఉప్పునీళ్లు ప్యాంటుకు తుడుచుకుని, లేచి బయటికి వెళ్లి నిలబడ్డాడు. అమ్మ వెంట వెళ్లలేదు. వెళ్లబోతున్న నన్నూ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇద్దరిలో ఎవరి జ్ఞాపకం సరైనదో నాకు తెలియదు. తేల్చడానికి ఆధారం ఏదీ లేదు. కానీ ఇరవై ఆరేళ్లు ఒక మనిషి తన తప్పేనని నమ్మి బతికాడు. అదే రోజు, అదే రోడ్డు మీద ఉన్న ఇంకో మనిషి దగ్గర వేరే కథ ఉంది. ఇద్దరూ కలిసి ఒక తూము గురించి కొట్లాడుకుంటే తప్ప ఆ రెండు కథలూ ఒకదానికొకటి ఎదురుపడే దారి లేదు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి ఉంటే నిద్రమాత్ర రాసేవాడు, మంచిదే. నేను అడిగి ఉంటే "ఊరికే" అనేవాడు. ఈ మాట చెప్పగలిగింది ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒక్కడే.

అందుకే "మానిన పుండు ఎందుకు కెలకడం" అనేవాళ్లతో నాకు పేచీ. మానిందని మీకెవరు చెప్పారు? రోడ్డు మీద తారు అతుకు చూసి ఆగిపోయే మనిషికి ఏం మానింది? కెలకమని నేనూ అనడం లేదు. మైకు ముందు నిలబెట్టి అడగడం మాత్రం కెలకడమే. మా దగ్గర ఒక బడిలో ఆగస్టు 15కి నాన్నను పిలిచి, శాలువా కప్పి, పిల్లలకు వీరగాథ చెప్పమన్నారు. ఒక పిల్లాడు లేచి "ఎంతమందిని చంపారు తాతా?" అన్నాడు. టీచర్లు చప్పట్లు కొట్టారు. నాన్న "నేను లారీ నడిపాను నాయనా" అని కూర్చున్నాడు. ఆ పిల్లాడి తప్పేం లేదు. సైనికుడంటే వాడికి మనం అంతే నేర్పాం. గౌరవం పేరుతో మనకు కావలసిన కథను వాళ్ల నోట్లో పెట్టి చెప్పించుకుంటున్నాం. దానికంటే అడగకపోవడమే మేలు.

ఇంకో సంగతి రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే అబద్ధం చెప్పినట్టే. 1987 అక్టోబరు 21, 22 తేదీల్లో మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లినప్పుడు రోగులు, డాక్టర్లు, నర్సులు, సిబ్బంది కలిపి 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి తమ మీద కాల్పులు జరిగాయని సైన్యం చెప్పింది. అక్కడ బతికి బయటపడ్డవాళ్లు చెప్పేది వేరు. పడుకున్న రోగులను కాల్చారని చెబుతారు. ఇప్పటికీ ఏటా అక్కడ ఆ డాక్టర్లను, నర్సులను తలచుకుంటారు. ఇది నేను చదివి, భయపడుతూనే నాన్నను అడిగాను. "విన్నాను. నేనక్కడ లేను" అన్నాడు. కాసేపటికి తనే మళ్లీ, "లేను కాబట్టి జరగలేదని అనను" అన్నాడు.

ఆగస్టులో వాళ్లు దిగినప్పుడు జాఫ్నాలో జనం దండలు వేశారట. నాన్నకు కొంచెం తమిళం వచ్చు కాబట్టి ఒక ముసలమ్మ పిలిచి చల్లటి నీళ్లిచ్చి, మీ ఊళ్లోనూ తాటిచెట్లున్నాయా అని అడిగిందట. అక్టోబరు తర్వాత అదే వీధిలో ఈయన లారీ చప్పుడు వినబడగానే తలుపులు వేసుకునేవాళ్లు. ఆ ముసలమ్మ తలుపు కూడా. ఈ విషయం నాన్న పేలుడు కంటే ఎక్కువసార్లు చెప్పాడు. సైనికుల జ్ఞాపకాలను భద్రం చేసుకోవాలి అని నేనంటున్నప్పుడు, మూసుకున్న ఆ తలుపును కూడా కలిపే అంటున్నాను. ఆసుపత్రి మాట ఎత్తితే సైన్యాన్ని అవమానించినట్టని కొందరు నాతో గొడవపడ్డారు. ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన మనిషే దాన్ని కాదనకుండా మోస్తున్నప్పుడు, ఇక్కడ కూర్చున్న మనకు అవమానం ఎలా అవుతుంది? జాఫ్నావాళ్ల జ్ఞాపకం పక్కన పెట్టుకోలేని జ్ఞాపకం మనకు ఎంతకాలం నిలుస్తుంది?

ఆ దీపావళి అమ్మకు వేరేగా గుర్తుంది. 1987లో దీపావళి అక్టోబరు 22న వచ్చింది. మేం తిరుమలగిరి క్వార్టర్స్‌లో ఉన్నాం, నాకు ఆరేళ్లు. మా వరసలో ఎనిమిది ఇళ్లు, ఒక్క ఇంట్లోనూ మగవాళ్లు లేరు. పిల్లలం మతాబుల కోసం ఏడుస్తున్నాం. పెద్దవాళ్లు రేడియో చుట్టూ కూర్చున్నారు. పక్కింటి పంజాబీ ఆంటీకి తెలుగు రాదు, అమ్మకు హిందీ అంతంత మాత్రం. వార్తలు రాగానే ఆమె అమ్మ ముఖం చూసేది, అమ్మ ఆమె ముఖం చూసేది. పోస్ట్‌మాన్ సైకిల్ బెల్లు అంటే ఇష్టం, టెలిగ్రామ్ తెచ్చే మనిషి సైకిల్ అంటే టెన్షన్. రెండింటి బెల్లూ ఒకేలా ఉండేదట. వీధి మొదట్లో బెల్లు మోగినప్పటి నుంచి అది ఏ ఇంటి ముందు ఆగుతుందో తెలిసేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. మా ఇల్లు దాటిపోతే అమ్మకు ప్రాణం లేచొచ్చేది. వెంటనే, అయితే ఎవరింటికో అని సిగ్గుపడేది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉందంటుంది.

యుద్ధం జ్ఞాపకాలంటే మనం వెళ్లినవాళ్లనే అడుగుతాం. ముప్పై రెండు నెలలు ఆ బెల్లు విన్నవాళ్లను అడగం. అమ్మను అడిగితే "నాదేముంది, మీ నాన్నను అడుగు" అనేది. అమ్మ చేత చెప్పించడానికి నాకు నాన్న కంటే ఎక్కువ కాలం పట్టింది. బియ్యం ఎక్కడ తెచ్చుకునేవాళ్లు, జీతం డబ్బులు ఎన్నో తారీఖుకు వచ్చేవి, రాత్రి తలుపుకు గడియతో పాటు ఏం అడ్డం పెట్టేవాళ్లు, ఇలాంటివి అడగడం మొదలుపెట్టాక మాట వచ్చింది. రోకలి అడ్డం పెట్టేదట.

ఇప్పుడు నేను రాసుకుంటున్నాను. తారీఖులు కలవకపోతే సరిచేయను, ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాస్తాను. తూము చెరువుకు ముందు అని ఒక పేజీలో ఉంది, తర్వాత అని ఇంకో పేజీలో ఉంది. హిందీలో చెప్పింది హిందీగానే తెలుగు అక్షరాల్లో పెడతాను. ఇంట్లో మాజీ సైనికులున్న ప్రతివాళ్లకూ చెబుతున్నాను, మీరూ మొదలుపెట్టండి. అప్పట్లో పాతికేళ్లున్న కుర్రవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. నాన్న తోటివాళ్లు డెబ్భైకి చేరారు. మొన్న తిరుమలగిరికి పదకొండు మందే వచ్చారు. కర్నూలు ఆయన లేడు. ఎర్రజెండా సంగతి ఇప్పుడు అడగాలన్నా అడిగే మనిషి లేడు.

ఆ పదకొండు మందీ ఈసారి భార్యలను కూడా మాట్లాడమన్నారు. అమ్మ ఇంటి దగ్గర నుంచే ట్రంకుపెట్టెలో ఉన్న ఉత్తరాల కట్ట పట్టుకొచ్చింది. లేత నీలం ఇన్‌లాండ్ లెటర్లు, మడతల దగ్గర చిరిగిపోయాయి. ఒక్కొక్కటే తీసి మొదటి వాక్యం చదివింది. "ఇక్కడ నేను క్షేమం." "ఇక్కడ అంతా క్షేమం." "నేను క్షేమం, దిగులు పడవద్దు." తారీఖులు మారుతున్నాయి గానీ వాక్యం మారడం లేదు. అందరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆఫీసర్ల చేతి మీదుగా పోయే ఉత్తరం, అందరూ అదే రాసేవాళ్లు. సర్దార్జీ భార్య తన దగ్గరా అవే ఉన్నాయని, పంజాబీలో అని చెప్పింది. తూము దగ్గర పేలుడు జరిగిన నెలలో వచ్చిన ఉత్తరం కూడా అమ్మ చదివింది. అందులోనూ క్షేమమే.

నవ్వులు తగ్గాక అమ్మ కట్ట మళ్లీ కడుతూ, ఎవరితోనో అన్నట్టు, "ఆ నెల్లోనే దీనికి టైఫాయిడ్ వచ్చింది" అని నన్ను చూపించింది. "పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. పక్కింటి ఆంటీ రాత్రిళ్లు కూర్చునేది."

నాన్న తల తిప్పి చూశాడు. "ఎప్పుడు? నాకు రాయలేదే!"

"మీరు రాశారా లారీ సంగతి?" అంది అమ్మ.